అమ్మగారి భుజం, మీ డిస్క్ బల్జ్, ఫిజియో దగ్గరికి వచ్చే మిగతా జబ్బులు

మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీకు 34 ఏళ్ళు, మారతహళ్ళిలో ఇల్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు. నడుము నొప్పికి ఎంఆర్‌ఐ తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, ఐదు పూసల మధ్య, డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు బయటికి ఉబ్బడం) అని వచ్చింది. కనిగిరి నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న అమ్మగారికి 62. తొమ్మిదేళ్ళుగా షుగర్. ఐదు నెలలుగా కుడి చెయ్యి పైకి లేవడం లేదు, మెడ, మోకాళ్ళు కూడా పట్టేసినట్టు ఉంటున్నాయి. ఇద్దరికీ డాక్టరు ఫిజియోథెరపీ రాశారు. బాబాయి గారేమో పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు. "అసలు ఫిజియో ఏయే జబ్బులకి పనిచేస్తుంది, కరెంటు పెట్టడం, మసాజ్ తప్ప అందులో ఇంకేమైనా ఉందా" అన్నది మీ ప్రశ్న.

నేను బెంగళూరులో 19 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మాది మదనపల్లె. మొదటి ఆరేళ్ళు హాస్పిటల్లో నరాల వార్డు, తర్వాత నుంచి సొంత క్లినిక్. మీరు జబ్బుల జాబితా అడిగారు. ఇవ్వొచ్చు గానీ, అది మీకు పనికి రాదు. రిపోర్టులో రాసిన పేరు ఒకటి, ఒంట్లో ఆ నొప్పి నడుచుకునే తీరు ఇంకొకటి. మేం ఎక్కువగా చూసేది రెండోదాన్నే. పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రానికి ఎక్కువా? కూర్చుంటే పెరుగుతుందా, నడిస్తే పెరుగుతుందా? నిద్రలోంచి లేపేస్తుందా? ఎంఆర్‌ఐ ఫిల్ము వెలుతురుకి పట్టి చూసే ముందు మేం ఈ ప్రశ్నలు అడుగుతాం. మీరు రాసినదాంట్లో నాకు వీటికి సగం జవాబులు లేవు, అందుకే కొంచెం ఎక్కువగా రాయాల్సి వస్తోంది.

ముందు అమ్మగారి సంగతి. ఆలస్యమైతే నష్టం ఆమెకే ఎక్కువ.

ఆమెని కుర్చీలో కూర్చోబెట్టండి. రెండు మోచేతులూ నడుముకి ఆనించి, పళ్ళెం పట్టుకున్నట్టు చేతులు ముందుకి పెట్టమనండి. ఇప్పుడు మోచేతులు కదలకుండా, రెండు తలుపులు తెరిచినట్టు చేతుల్ని పక్కలకి తెరవమనండి. ఎడమ చెయ్యి బాగా తెరుచుకుని కుడిది కొంచెం కదిలి ఆగిపోయిందా? ఆ చేతిని మీరు మెల్లగా పట్టుకుని తిప్పబోయినా అక్కడే గోడ తగిలినట్టు ఆగిందా? అలా అయితే అది ఫ్రోజెన్ షోల్డర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. మీరు తిప్పితే సులువుగా తిరుగుతుంది గానీ ఆమె సొంతంగా లేపలేకపోతున్నారంటే కథ వేరు. అప్పుడు కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్ తెగి ఉండొచ్చు. ఆ రెండిటికీ చేసే వైద్యం ఒకటి కాదు. భుజం అరుగుదల లాంటి ఒకటి రెండు జబ్బుల్లో కూడా చెయ్యి ఇలాగే బిగుసుకుంటుంది కాబట్టి ఒక ఎక్స్‌రే తీయించండి. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎక్స్‌రే మామూలుగా శుభ్రంగా ఉంటుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మా ఆవిడ ఊరికే అంటోంది" అని నా ఎదుటే చెప్పిన భర్తలు ఉన్నారు. ఆ ఆవిడలు అప్పటికే జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేక, జడ వేసుకోలేక నెలలు గడిపి ఉంటారు.

జరిగేది ఏమిటంటే, భుజం కీలు చుట్టూ ఒక పల్చటి సంచి ఉంటుంది. ఆ సంచి వాచి, మందమై, ముడుచుకుపోతుంది. మామూలుగా 20, 30 మిల్లీలీటర్ల ద్రవం పట్టే చోటు 10 కూడా పట్టనంత ఇరుకైపోతుంది. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో వస్తుంది. నా దగ్గరికి భుజం నొప్పితో వచ్చి, నేను పంపితే రక్తపరీక్ష చేయించుకుని, తమకి షుగర్ ఉందని మొదటిసారి తెలుసుకున్నవాళ్ళు కనీసం పదిమంది ఉంటారు.

ఈ జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటి కొన్ని నెలలు నొప్పి రాజ్యమేలుతుంది, ముఖ్యంగా రాత్రిళ్ళు. తర్వాత నొప్పి తగ్గి బిగుసు మిగులుతుంది. ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు కూడా పట్టొచ్చు. షుగర్ అదుపులో లేకపోతే ఇంకా సాగుతుంది. ఏ దశలో ఏం చెయ్యాలన్నది తెలియకపోతే మేలు చేయబోయి కీడు చేస్తాం. నేను కొత్తలో ఆ తప్పు చేశాను. ఒక స్కూలు టీచరు, రెండో నెల నొప్పితో వచ్చారు. బిగుసుకుంది కదా, విడదీయాలి అని బలంగా లాగాను. ఆవిడ పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నారు. మర్నాడు ఫోన్ చేసి, "రాత్రంతా మంచం మీద కూర్చునే ఉన్నానమ్మా" అన్నారు. నొప్పి మండుతున్న దశలో లాగితే సంచి ఇంకా వాస్తుంది. ఆ దశలో నొప్పి తగ్గించడమే పని. వేడి కాపడం, ముందుకి వంగి చెయ్యి గడియారం లోలకంలా ఊపడం, నొప్పి మొదలయ్యే చోటి దాకా మాత్రమే కదల్చడం. బిగుసు దశకి వచ్చాక సాగదీయడం, కప్పీకి తాడు కట్టి లాగడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకడం పనికొస్తాయి.

కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామని ఆర్థోపెడిక్ డాక్టరు అంటే బెదిరిపోకండి. మొదటి నెలల్లో అది బాగా పనిచేస్తుంది. కాకపోతే అమ్మగారికి షుగర్ ఉంది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. ఇంజెక్షన్ ఇచ్చే డాక్టరుకీ, షుగర్ డాక్టరుకీ ఇద్దరికీ ఆ మాట చెప్పండి. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని అనుకోవద్దు.

ఇక కనిగిరి. మీరు ఊరి పేరు రాసి మంచిపని చేశారు.

బెంగళూరులో డాక్టర్లు ఈ ప్రశ్న అడగకపోవచ్చు: ఆమె చిన్నప్పటినుంచి ఏ నీళ్ళు తాగారు? కనిగిరి, పొదిలి, దర్శి వైపు నేల నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, షార్ట్ అనే బ్రిటిష్ వైద్యుడు మద్రాసు రాష్ట్రంలోని ఆ జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి రాశాడు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఏళ్ళ తరబడి అంతకన్నా ఎక్కువ తాగితే ఎముకలు గట్టిపడి, కీళ్ళ దగ్గరి బంధాలు కూడా ఎముకలా మారతాయి. మొదట్లో అది మామూలు కీళ్ళ నొప్పిలాగే ఉంటుంది. తర్వాత మెడ తిరగదు, నడుము వంగదు, కింద బాసిపట్టు వేసుకుని కూర్చోలేరు. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. అమ్మగారి మెడా, మోకాళ్ళూ, భుజమూ అన్నీ పట్టేశాయంటే నేనైతే ఈ అనుమానం పెట్టుకుంటాను. ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయిస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. ముంజేతిలోని రెండెముకల మధ్య ఉండే పొర గట్టిపడి తెల్లగా కనపడుతుంది. ఫ్లోరోసిస్ అయితే ఫిజియో చేసేది పరిమితమే. ఉన్న కదలికని కాపాడతాం, అంతే. కానీ కాళ్ళలో బలం తగ్గుతున్నా, నడక తూలుతున్నా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. వెన్నుపాము దారి ఇరుకైపోయి ఉండొచ్చు. ఇలాంటి వెన్నుని తెలియక ఎవరైనా "మెడ విరిచి" చప్పుడు చేయిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ వీడియోలు చూసి వచ్చి నన్ను అలా చెయ్యమనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు.

ఇప్పుడు మీ నడుము. కన్నడ పేషెంట్లు సొంట నోవు అంటారు, మనవాళ్ళు నడుము పట్టేసింది అంటారు. బాధ ఒకటే, ఈ ఊరి ట్రాఫిక్కూ అందరికీ ఒకటే.

డిస్క్ బల్జ్ అన్న మాట చూసి మీరు ఆఫీసుకి సెలవు పెట్టేశారని రాశారు. ఒక లెక్క చెప్తాను. నడుము నొప్పి అనేదే లేని మూడువేల మందికి పైగా మనుషుల స్కానులని కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి బల్జ్ ఉంది. మళ్ళీ చెప్తున్నాను, వాళ్ళెవరికీ నొప్పి లేదు. తల నెరిసినట్టే డిస్కు కూడా మారుతుంది. కాబట్టి మీ బల్జ్ మీ నొప్పికి కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆ మాట తేల్చడం ఎంఆర్‌ఐ వల్ల కాదు.

చెప్పేది మీ కాలు. నొప్పి నడుములోనే ఉందా, పిరుదు దాటి, తొడ వెనక నుంచి, పిక్క దాకా, పాదం దాకా తీగలా లాగుతుందా? దగ్గినా తుమ్మినా కాల్లోకి కొడుతుందా? మడమల మీద నాలుగడుగులు నడవండి. తర్వాత మునివేళ్ళ మీద నడవండి. మడమల మీద నడుస్తుంటే ఒక పాదం ముందుభాగం కిందికి జారిపోతే, బొటనవేలు పైకి లేపడంలో బలం లేకపోతే, ఎల్4-ఎల్5 దగ్గర నరం నిజంగానే నొక్కుకుంటుందనుకోవచ్చు. అదేమీ లేకుండా నడుము మాత్రమే నొప్పి, అదీ కూర్చున్నప్పుడు ఎక్కువ అంటే భయపడే పని లేదు. కాల్లోకి లాగే సయాటికా కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండా 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. బయటికి ఉబ్బిన డిస్కు ముక్కని ఒళ్ళే మెల్లగా కరిగించుకుంటుంది కూడా.

నొప్పి తీరుని ఎలా చూడాలో చెప్పడానికి మా చదువులో ఒక కథ చెప్తారు. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వారాలుగా కాలి నొప్పి తగ్గని పేషెంటు వచ్చాడు. వెళ్ళి బోర్లా పడుకో, వస్తాను అన్నాడు మెకెంజీ. అంతకుముందు ఎవరికోసమో మంచం తలవైపు ఎత్తి ఉంచారు. పేషెంటు అది చూసుకోకుండా అలాగే బోర్లా పడుకున్నాడు, నడుము బాగా వెనక్కి వంగిపోయింది. కాసేపటికి వచ్చి చూసిన మెకెంజీ హడలిపోయాడు. పేషెంటేమో కాల్లో నొప్పి పోయింది, ఇన్ని వారాల్లో ఇంత హాయిగా లేదు అన్నాడు. అప్పటినుంచి పుట్టిన పద్ధతిని మేం ఇప్పటికీ వాడుతున్నాం. అందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఏ కదలిక చేస్తే నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి, తొడ నుంచి నడుములోకి వెనక్కి వస్తుందో అది మీకు మంచిది, నడుములో కాసేపు ఎక్కువైనా సరే. ఏది చేస్తే నొప్పి కాల్లో ఇంకా కిందికి దిగుతుందో అది మీకు సరిపడదు, యూట్యూబులో ఎంత పేరున్న వ్యాయామమైనా సరే. కొందరికి వెనక్కి వంగితే మేలు, కొందరికి ముందుకి. అందుకే పక్క సీటులో ఆయనకి తగ్గిన వ్యాయామం మీకు పనిచేయకపోవచ్చు.

మంచం మీద పడుకుని ఉండకండి. ఒకటి రెండు రోజులు చాలు. తర్వాత నడక. నడుముకి బెల్టు ప్రయాణంలో పెట్టుకోండి, రోజంతా వద్దు. సిల్క్ బోర్డు దాకా బైకు మీద వెళ్ళొచ్చే పని ఉంటే కొన్ని వారాలు మానండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పడే ఆ కుదుపు నడుముకి అసలు పనికిరాదు.

మీ వయసువాళ్ళ విషయంలో నేను తప్పకుండా అడిగేది ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి నొప్పితో మెలకువ వస్తోందా? లేవగానే అరగంటకి పైగా నడుము కొయ్యలా ఉండి, తిరుగుతుంటే సడలుతుందా? సెలవురోజు పడుకుని ఉంటే ఎక్కువవుతుందా? ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి చేసిందా? వీటికి అవును అంటే అది డిస్కు కాకపోవచ్చు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఎక్కువగా 45 లోపు వయసులోనే మొదలవుతుంది. వెన్నుపూసలని మెల్లగా అతికించేస్తుంది. దీన్ని రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం జబ్బుల డాక్టరు చూడాలి. మనవాళ్ళు మెడనొప్పికీ, నడుము నొప్పికీ, తలతిరుగుడికీ అన్నిటికీ "స్పాండిలైటిస్" అనే మాట వాడేసి, అసలైన స్పాండిలైటిస్ వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోని పరిస్థితి తెచ్చారు. అసలు మెడ అరుగుదలకి స్పాండిలోసిస్ అని పేరు. పేరులో కొంచెమే తేడా గానీ జబ్బులు రెండూ వేరు. ఏళ్ళ తరబడి డిస్కు అనుకుని తిరిగి, చివరికి ఈ జబ్బని తేలిన కుర్రాళ్ళని నేను చాలామందిని చూశాను. అందులో మందు ఒక చెయ్యి, రోజూ వ్యాయామం రెండో చెయ్యి. ఏది మానేసినా నడవదు.

ఇవి కనపడితే మాత్రం ఫిజియో దగ్గరికి రావద్దు, నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళండి: మూత్రం రాక ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడడం. ఇందులో గంటలు లెక్క, అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకే. అలాగే సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని వెన్నునొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీని మరచిపోకూడదు. మందులతో తగ్గే జబ్బు. వ్యాయామాలు చేయిస్తూ కూర్చుంటే పూస కూలిపోతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. మోకాళ్ళ "గుజ్జు అరిగిపోవడం" మా దగ్గరికి అందరికన్నా ఎక్కువగా వచ్చే జబ్బు. లేవగానే బిగుసు అరగంట లోపు పోతుంది, మెట్లు దిగేటప్పుడు నొప్పి. తొడ ముందు కండరం బలపడితే చాలామందికి ఆపరేషన్ ఏళ్ళకొద్దీ వాయిదా పడుతుంది. అదే రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి, పొద్దున బిగుసు గంటకి పైగా ఉంటే అది అరుగుదల కాదు, రుమటాయిడ్ అనే కీళ్ళవాతం, దానికి ముందు మందు. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుకే మడమలో మేకు గుచ్చినట్టుంటే అది అరికాలి పొర సమస్య. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోంది. మెడని తప్పుపట్టే ముందు మణికట్టుని చూడాలి. పసిపిల్లని ఎత్తుకునే తల్లులకి బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పికి 1895లో దాన్ని వివరించిన స్విస్ సర్జన్ పేరు మీద డీ క్వెర్వైన్ అంటారు. అమ్మమ్మలకి కూడా వస్తుంది, ఎందుకంటే ఈ ఊళ్ళో పిల్లని రోజంతా ఎత్తుకునేది వాళ్ళే.

నరాల వార్డులో ఆరేళ్ళు ఉన్నాను కాబట్టి పక్షవాతం గురించి చెప్పకుండా ఉండలేను. మూతి వంకరపోతే మనవాళ్ళు అన్నిటికీ పక్షవాతమే అంటారు. నుదురు చూడండి. కనుబొమలు పైకెత్తమంటే ఒకపక్క నుదురు ముడత పడకుండా, ఆ పక్క కన్ను కూడా మూసుకోకుండా ఉంటే అది ఎక్కువగా బెల్స్ పాల్సీ, ముఖానికి వచ్చే ఒక్క నరం వాపు. 72 గంటల లోపు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే మేలు. కన్ను ఎండకుండా చుక్కలు, రాత్రి కన్ను మూసి టేపు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. దీనికి ముఖం మీద గంటలకొద్దీ కరెంటు పెట్టించుకోవడం నాకు ఇష్టం లేదు. అద్దం ముందు మెల్లగా చేసే వ్యాయామాలు చాలు. నుదురు మామూలుగా కదులుతూ మూతి మాత్రం వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దైనా అది మెదడు స్ట్రోకు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి సమయం నాలుగున్నర గంటలే. స్కాన్ కూడా ఆ లోపే అవ్వాలి. తేడా చెప్పలేకపోతే స్ట్రోకే అనుకుని 108కి ఫోన్ చేయండి. బెంగళూరులోని మెదడు, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్ దూరమైతే స్కానూ, న్యూరాలజిస్టూ ఉన్న దగ్గరి హాస్పిటల్ ఏదైనా సరే.

స్ట్రోకు తర్వాత ఇంటివాళ్ళు ప్రేమతో చేసే తప్పు ఒకటి ఉంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లేపుతారు. కండరాల పట్టు పోయిన భుజం అప్పటికే జారి ఉంటుంది. ఆ లాగుడుకి ఇంకా జారి, ఆ తర్వాత నెలల తరబడి నొప్పి. నడుము దగ్గర పట్టుకుని లేపండి.

ఫిజియో చేస్తుందని చాలామందికి తెలియని ఒక సంగతి చెప్తాను. మంచం మీద పక్కకి తిరిగితే, పైన అల్మారా వైపు తలెత్తితే గది గిర్రున తిరిగి, నిమిషం లోపు ఆగిపోతుంది. "బీపీ" అనుకుంటారు, "మెడ నరాలు" అనుకుంటారు. లోపలి చెవిలో ఉండాల్సిన చోట నుంచి సున్నపు రేణువులు జారి, గొట్టంలో పడితే ఇలా అవుతుంది. తలని ఒక వరసలో నాలుగు స్థితుల్లో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపవచ్చు. జాన్ ఎప్లీ అనే అమెరికన్ వైద్యుడు 1992లో ఈ పద్ధతిని ప్రచురించాడు. మాత్రలు మింగుతూ, గోడలు పట్టుకుని నడుస్తూ నాలుగు నెలలు గడిపిన అనంతపురం పెద్దాయన ఒకరు, పది నిమిషాల తర్వాత లేచి నిలబడి, "అంతేనా?" అని నామీద కోప్పడినట్టుగా అడిగారు. అందరికీ ఒక్కసారితో తగ్గదు. ఆయన అదృష్టం, నాకూ ఆ రోజు మంచి పేరు.

పిల్లల విషయంలో రెండు మాటలు. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకి నడవకపోయినా, ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచినా చూపించాలి. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అన్న మాట దగ్గర చాలా విలువైన నెలలు పోతాయి.

కరెంటు సంగతి. అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటి యంత్రాలు నొప్పిని కాసేపు తగ్గిస్తాయి. ఆ కాసేపట్లో వ్యాయామం చేయించడానికే వాటి ఉపయోగం. పదిరోజుల ప్యాకేజీ కట్టించుకుని, తీగలు తగిలించి, పదిహేను నిమిషాలు ఫోన్ చూసుకోమని వదిలేసి పంపేస్తుంటే అక్కడ మీకు జరుగుతున్నది ఫిజియోథెరపీ కాదు. మొదటి రోజు మిమ్మల్ని నిలబెట్టి, వంచి, నడిపించి చూడాలి. ఇంట్లో చేసుకోవాల్సిన రెండు మూడు వ్యాయామాలు నేర్పాలి. ఇరవై నేర్పితే ఎవరూ చెయ్యరు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారా అని అడగడానికి మొహమాటపడకండి.

బాబాయి గారి మాట కొట్టిపారేయడం లేదు. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు ఎముకలు విరిగినవాళ్ళ కోసం పుట్టింది. ఇప్పుడు బెంగళూరులో ఏ రోడ్డుకి వెళ్ళినా ఆ పేరుతో బోర్డు కనపడుతుంది, వాళ్ళందరికీ ఆ ఊరితో సంబంధం ఉందో లేదో ఎవరికి తెలుసు. అమ్మగారికి ఎముక విరగలేదు. ముడుచుకుపోతున్న భుజాన్ని కట్టు కట్టి కదలకుండా ఉంచితే ఇంకా ముడుచుకుంటుంది. షుగర్ ఉన్న ఒంటి మీద బిగుతు కట్టు కింద పుండు పడితే అదొక కొత్త తలనొప్పి. ఇంత మాత్రం ఆయనకి చెప్పండి, అర్థం చేసుకుంటారు.

అమ్మగారికి మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, భుజం, ముంజేయి ఎక్స్‌రేలు చేయించండి. ఆమె రాత్రి ఏ పక్కకి పడుకుంటున్నారో, నొప్పికి ఎన్నిసార్లు లేస్తున్నారో ఒక మూడు రోజులు కాగితం మీద రాయండి. మీరు మడమల మీద, మునివేళ్ళ మీద నడిచి చూసి, తెల్లవారుజాము నొప్పి గురించిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడే కింద పెట్టండి. ఎంఆర్‌ఐ ఫొటో పెట్టాల్సిన అవసరం లేదు.